చాందా చెరువుల మీద గాలం యాత్ర: అడగడం దగ్గర మొదలుపెట్టండి

చంద్రపూర్ జిల్లాలో, అంటే మనవాళ్లు చాందా అనే చోట, గాలం వేయడానికి బయలుదేరేవాళ్లు ముందు రాడ్ కొంటారు. తర్వాత ఎర కలుపుకుంటారు. చెరువు కట్ట మీదికి పోయాక ఎవరినైనా అడుగుదాంలే అనుకుంటారు. మొదట్లో నేనూ అంతే. ఈ వరస తప్పని తెలియడానికి నాకు రెండు మూడేళ్లు పట్టింది. ఇక్కడ ముందు చెరువు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవాలి. ఆ తర్వాత అటువైపు పులి తిరుగుతోందేమో కనుక్కోవాలి. గాలం, దారం, ఎర మూడో మాట. బల్లార్షా, రాజురా, గోండ్‌పిప్రి, సిరొంచా వైపున్న తెలుగువాళ్లను, కాగజ్‌నగర్, ఆసిఫాబాద్, మంచిర్యాల నుంచి రైలెక్కి రావాలనుకునేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఏ చెరువు

చంద్రపూర్, గడ్చిరోలి, భండారా, గోందియా. మహారాష్ట్ర తూర్పు కొసనున్న ఈ నాలుగు జిల్లాల్లో చెరువులు వేలల్లో ఉంటాయి. చాలావరకు గోండు రాజుల కాలం నుంచి తవ్వుతూ వచ్చినవే. చెరువు తవ్వినవాడికి దాని కింద తడిసే భూమి రాజు ఇచ్చేవాడని పెద్దలు చెబుతారు. ఆ పనిలో కోహలీ కులస్తులకు గొప్ప పేరు. తర్వాతి రోజుల్లో ఇవి మాల్‌గుజారుల, అంటే ఊరి శిస్తు వసూలు చేసే భూస్వాముల, కిందికి పోయాయి. 1950ల మొదట్లో ఆ పద్ధతి రద్దయ్యాక ప్రభుత్వానికి వచ్చాయి. అందుకే కాగితాల మీద వీటి పేరు 'మాజీ మాల్‌గుజారీ తలావ్'. జనం నోట్లో అది 'మామా తలావ్' అయింది. అంతకంటే చిన్నది, మనం కుంట అనేది, ఇక్కడ 'బోడీ'. ఊళ్లో దారి అడిగేటప్పుడు ఈ రెండు మాటలు మీకు బాగా పనికొస్తాయి.

మొదటిసారి వెళ్లేవాళ్లు పెద్ద జలాశయం జోలికి పోవద్దని నా సలహా. ఊరికి ఆనుకుని, మూడువైపులా వరి పొలాలున్న నడితరం చెరువు చూసుకోండి. అలాంటి చెరువులో కట్ట మీద పొద్దంతా మనుషులు నడుస్తుంటారు, బట్టలు ఉతుకుతుంటారు, పశువులకు నీళ్లు పెడుతుంటారు. ఎవరిని అడగాలో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. నీళ్లు ఎటు లోతో, ఎటు పలచనో అక్కడి పిల్లలే చూపిస్తారు. ఒకవైపు అడవి, ఒకవైపు నీళ్లు ఉన్న చెరువు ఫోటోలో ఎంత అందంగా కనబడినా మొదటి యాత్రకు వద్దు.

గాలంతో పోకూడని చోట్లు ముందే మనసులో రాసుకోండి. తాడోబా చెరువు 1955లో ఏర్పడిన జాతీయ పార్కు లోపలిది, అందులో మొసళ్లున్నాయి. గోందియా వైపు నవేగావ్ బాంధ్ పేరు చాలామంది చెబుతారు. ఆ చుట్టుపక్కల అడవి 2013 నుంచి నవేగావ్–నాగ్‌ఝిరా పులుల అభయారణ్యంలో భాగం. నాగ్‌భీడ్ దగ్గరి ఘోడాఝరి చుట్టూ ఉన్న అడవిని 2018లో అభయారణ్యం చేశారు. జాతీయ పార్కులోనూ అభయారణ్యంలోనూ గాలం వేయడం వన్యప్రాణి చట్టం కింద నేరం అవుతుంది. ఎవరో స్థానికుడు 'ఏం కాదు రండి' అన్నాడని పోవద్దు. ఆ చెరువులను కళ్లతో చూసి రండి, అక్కడి పక్షులకే ఒక పూట చాలదు. చంద్రపూర్ థర్మల్ స్టేషన్‌కు నీళ్లిచ్చే ఇరాయి డ్యామ్‌ను కూడా ఈ లెక్కలోనే వేసుకుంటాను.

ఇక దారి. గోందియా–బల్లార్షా రైలు మార్గం ఈ యాత్రకోసమే వేసినట్టుంటుంది. బల్లార్షా, చాందా ఫోర్ట్, మూల్, సిందేవాహీ, నాగ్‌భీడ్, బ్రహ్మపురి, వడ్సా. కిటికీ పక్కన కూర్చుంటే స్టేషన్ స్టేషన్‌కు మధ్య రెండు మూడు చెరువులు కనబడతాయి. రోడ్డున చంద్రపూర్ నుంచి మూల్ సుమారు 45 కిలోమీటర్లు, నాగ్‌భీడ్ దాదాపు 100. ఈ దారిలో ప్యాసింజర్ బండ్లు తక్కువ. తిరుగు బండి టైము చూసుకున్నాకే పోయే బండి టికెట్ తీసుకోండి. మోటార్ సైకిల్ మీద పోయేవాళ్లు వెలుగుండగానే అడవి దాటేలా లెక్క వేసుకోవాలి. ఎందుకో పులి దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

చెరువు ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడం

ఈ అడుగు తప్పితే మిగతావన్నీ వృథా. నాకెట్లా తెలిసిందో చెబుతాను. సిందేవాహీ వైపు ఒక ఊరి చెరువు మీద, ఎవరినీ అడగకుండా, ఒక ఆదివారం పొద్దున కూర్చున్నాను. రెండు కిలోల పైబడిన బొచ్చె పడింది. ఆ సంతోషంలో ఉండగానే ఒక ముసలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. అరవలేదు, తిట్టలేదు. 'ఈ పిల్లను మేం వేలెడంత ఉన్నప్పుడు డబ్బులిచ్చి తెచ్చి వేశాం' అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. చేప ఆయన చేతిలో పెట్టి, డబ్బులు కూడా ఇస్తానన్నాను. చేప తీసుకున్నాడు, డబ్బులు వద్దన్నాడు. వచ్చేసారి ముందు ఇంటికి రమ్మన్నాడు. తర్వాత అట్లాగే వెళ్లాను.

ఆయన ధీవర్ కులస్తుడు. మన దగ్గర బెస్తలు, ముదిరాజులు, గంగపుత్రులు చేసే పనే ఇక్కడ ధీవర్లు, భోయీలు చేస్తారు. వాళ్ల మత్స్య సహకార సంస్థలు చెరువులను లీజుకు తీసుకుంటాయి. వానలు పడ్డాక చేపపిల్లలు వేస్తారు, ఎండాకాలం నీళ్లు తగ్గేటప్పుడు వల వేసి తీస్తారు. మధ్యలో ఉన్న ఆరేడు నెలలు కాపలా. వరి రైతుకు పొలం ఎట్లాగో వాళ్లకు చెరువు అట్లా. పొలంలోకి అడక్కుండా దిగి కంకులు కోసుకురాం కదా.

అడిగే దారి ఇది. ఊళ్లోకి వెళ్లగానే టీ కొట్టు దగ్గర ఆగండి. 'భావూ, ఇథే గళ్ టాకాయచా ఆహే. కోణాలా విచారావే లాగేల్?' అనండి. గాలానికి మరాఠీలో గళ్ అంటారు, మన మాటకు దగ్గరే. చాలా ఊళ్లలో సంస్థ అధ్యక్షుడి ఇల్లో, సచివుడి (కార్యదర్శి) ఇల్లో చూపిస్తారు. సంస్థ లేకపోతే గ్రామపంచాయతీ. 100 హెక్టార్ల లోపు ఆయకట్టు ఉన్న చిన్న చెరువులు సాధారణంగా జిల్లా పరిషత్ కింద ఉంటాయి. కానీ చేపల హక్కు ఎవరి దగ్గరుందన్నదే మీక్కావలసింది, గట్టు ఎవరిదన్నది కాదు. ఆ సంగతి ఊళ్లోనే తెలుస్తుంది. ఆఫీసుకు తిరగక్కర్లేదు.

గడ్చిరోలి వైపు ఇంకొక పద్ధతి ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని కింద ధానోరా తాలూకాలోని మేంఢా–లేఖా గ్రామానికి 2009లో సామూహిక అటవీ హక్కులు దక్కాయి, ఆ తర్వాత చాలా గోండు పల్లెలకు వచ్చాయి. ఆ హక్కుల్లో నీటి వనరులు, చేపలు కూడా ఉన్నాయి. అలాంటి ఊళ్లో మీరు అడగవలసింది గ్రామసభను. ఒక మనిషి సరే అంటే చాలదు, నలుగురు కూర్చుని చెప్పాలి. అందుకు ఒక రోజు ముందే వెళ్లి అడిగి రావడం మర్యాద.

డబ్బులు ఎంతన్నది చెరువును బట్టి, మనిషిని బట్టి మారుతుంది. కొందరు రోజుకు ఇంత అంటారు, కొందరు పట్టిన చేపను కిలో లెక్కన కొనుక్కోమంటారు. నాకు రెండో పద్ధతే నచ్చుతుంది, ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. ఏదైనా గాలం వేయకముందే మాట్లాడుకోండి. ఎన్ని రాడ్లు, ఎన్ని చేపలు, ఏ సైజు కంటే చిన్నవి వదిలేయాలి, సింగాడ (నీళ్లలో పండే కాయ) తీగ వేసిన భాగం ఎటువైపు ఉంది, ఇవన్నీ అప్పుడే తేలాలి. చీటీ రాసిస్తే దగ్గర పెట్టుకోండి, లేకపోతే సచివుడి ఫోన్ నంబర్ తీసుకోండి. కట్ట మీద ఇంకొకరు వచ్చి అడిగితే చూపడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఏ నెలలో

వానాకాలం వదిలేయండి. జూన్ నుంచి ఆగస్టు దాకా బొచ్చె, రవ్వ, మోసు గుడ్లు పెట్టే కాలం. కొర్రమీను కూడా అప్పుడే పిల్లలు చేస్తుంది. నీటి మీద ఎర్రగా, నారింజ రంగులో, ముద్దలా కదులుతూ ఒక గుంపు కనబడుతుంది. అవి దాని పిల్లలు. తల్లీ తండ్రీ ఆ గుంపు కిందే తిరుగుతూ కాపలా కాస్తుంటాయి. ఆ టైములో ఎరగా రబ్బరు కప్ప బొమ్మ వేస్తే కోపంతో వచ్చి కొడుతుంది, పట్టడం చాలా తేలిక. అందుకే అప్పుడు వేయకూడదు. పెద్దది పోయిన ఒక గంటలో ఆ పిల్లలన్నీ పరకలకూ, కొంగలకూ మేత అవుతాయి. ఇది చూసి కూడా గాలం వేసేవాళ్లను నేను పక్కన కూర్చోనివ్వను.

మంచి కాలం రెండు ముక్కలు. దసరా దాటాక అక్టోబర్, నవంబర్. నీళ్లు తేటబడతాయి, వరికి తూము విప్పడం తగ్గుతుంది, చేప మేత మీద ఉంటుంది. తర్వాత ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మధ్య వరకు. డిసెంబర్, జనవరిలో ఇక్కడ చలి గట్టిగానే ఉంటుంది. కార్పులు, అంటే బొచ్చె, రవ్వ, మోసు లాంటివి, లోతుకు పోయి మందగిస్తాయి, పడితే మధ్యాహ్నమే పడతాయి. ఏప్రిల్, మేలో చెరువు సగానికి ఎండుతుంది, సంస్థ వలలు దిగుతాయి. ఎండ 46 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు గాలం పట్టుకుని పోవడం కంటే వల లాగే పొద్దున వెళ్లి గట్టున నిలబడి చూడండి, కావలసిన చేప అక్కడే కొనుక్కోండి. చెరువు అడుగు ఎలా ఉంటుందో, గుంటలు ఎక్కడున్నాయో కళ్లారా కనబడే రోజులు అవే. వచ్చే అక్టోబర్‌కు పనికొస్తుంది.

పులి

దేశంలో మనిషికీ పులికీ తగాదా ఎక్కువగా ఉన్న జిల్లాల్లో చంద్రపూర్ ఒకటి. తాడోబా లోపలే కాదు, బ్రహ్మపురి, సిందేవాహీ, మూల్, సావ్లీ చుట్టూ పొలాల్లో, చెరువుల పక్కన, వాగు పొదల్లో కూడా పులి తిరుగుతుంది. నీళ్లు తాగడానికి చెరువుకే వస్తుంది. వేసవిలో వేడికి నీళ్లలోనే కూర్చుంటుంది. గాలం వేసేవాడు చేసేది సరిగ్గా ప్రమాదమైన పని: అలికిడి లేకుండా, వంగి, పొదకు వీపు పెట్టి, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం. విప్పపువ్వు ఏరేవాళ్లు, తునికాకు కోసేవాళ్లు దాడికి గురవడానికి ఒక కారణం ఇదే. వంగి ఉన్న మనిషి దానికి నాలుగు కాళ్ల జంతువులా కనబడతాడు.

అందుకే ఇక్కడి గాలం వేళలు వేరు. పుస్తకాలు తెల్లవారుజాము, మునిమాపు అంటాయి. చేపకు అవే మంచి వేళలు, పులికీ అవే. నేను పెట్టుకున్న కట్టుబాటు ఏమిటంటే పొద్దు పొడిచిన గంట తర్వాత కట్ట ఎక్కడం, పొద్దు గుంకడానికి గంట ముందే సామాను సర్దుకుని ఊళ్లోకి వచ్చేయడం. దీనివల్ల ఎన్నో మంచి చేపలు పోయాయి. పోనివ్వండి.

ముందు రోజే ఊళ్లో అడగండి: ఈ వారంలో పులి కనబడిందా, పశువు ఏదైనా పోయిందా. ఈ ప్రశ్నకు ఇక్కడ ఎవరూ సరదాగా జవాబు చెప్పరు. కనబడిందంటే ఆ చెరువు మానేయండి. రైలు డబ్బులు పోయాయని లెక్క చూడవద్దు. ఫారెస్ట్ గార్డు ఉండే ఊరైతే ఆయనకూ చెప్పి వెళ్లండి. కట్ట మీద నడిచేటప్పుడు తడి మట్టిలో అడుగులు చూడండి. ఒకసారి కట్ట చివర, మత్తడి పక్కన, నా అరచేతి కంటే వెడల్పున్న అడుగు కనబడింది. అంచులు ఇంకా విరగలేదు, లోపల నీరు ఊరుతోంది. నాతో వచ్చిన ఊరి కుర్రాడు ఒక్క మాట కూడా మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఆ రోజు రాడ్ సంచిలోంచి బయటికి తీయలేదు.

ఒంటరిగా వెళ్లవద్దు. ముగ్గురు ఉంటే మంచిది. ఇద్దరు గాలం వేస్తే ఒకరు నిలబడి చుట్టూ చూడాలి, వంతులు మార్చుకోండి. చేపలు బెదురుతాయని గుసగుసలాడవద్దు. మామూలుగా మాట్లాడుకుంటే కట్ట మీది మాటకు నీళ్లలో చేప పెద్దగా పట్టించుకోదు, అడుగుల దడదడకే పట్టించుకుంటుంది. కూర్చునే చోట వెనక కనీసం ఇరవై ముప్పై అడుగులు ఖాళీగా ఉండాలి. లొట్టపీసు పొదల మధ్య, ఎండు వాగులో, చెరువు శిఖంలో పెరిగిన గడ్డిలో కూర్చోవద్దు. అడవి జంతువు గురించి సాయం కావాలంటే మహారాష్ట్ర అటవీ శాఖ నంబర్ 1926. అంబులెన్స్‌కు 108. కొన్ని చెరువుల దగ్గర సిగ్నల్ ఉండదు, ఎక్కడ దొరుకుతుందో వెళ్లేటప్పుడే చూసుకోండి.

మిగతావి క్లుప్తంగా. విప్పపువ్వు కాలంలో, అంటే మార్చి, ఏప్రిల్‌లో ఎలుగుబంట్లు. కట్ట రాళ్ల సందుల్లో పాములు, చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. పెద్ద చెట్టు కొమ్మకు తేనెతుట్టె ఉంటే దాని కింద పొయ్యి వెలిగించవద్దు, బీడీ కూడా వద్దు.

సామాను

కార్పులకు ఏడెనిమిది అడుగుల రాడ్, నడితరం స్పిన్నింగ్ రీల్, 0.30 లేదా 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం చాలు. గాలం 6 లేదా 8 నంబరు. జారే సీసం గుండు, దారం మెలిపడకుండా తిరిగే చిన్న స్వివెల్, నీటి మీద తేలే బెండు. కొర్రమీనుకు మాత్రం ఇది పనికిరాదు. అది పడగానే తామరాకుల్లోకో, లొట్టపీసు వేళ్లలోకో దూరుతుంది. అక్కడ ఆపగలిగిన గట్టి రాడ్, 30 పౌండ్ల అల్లిక దారం, గడ్డిలో చిక్కుకోని రబ్బరు కప్ప కావాలి. బతికున్న కప్పను గాలానికి గుచ్చవద్దు. రబ్బరు కప్ప దానికంటే తక్కువేమీ కాదు.

ముద్ద చుట్టూ ఐదారు గాలాలు కట్టే పద్ధతి బజారులో బాగా అమ్ముతారు. నేను వాడను. చేప కంట్లో, కడుపులో, రెక్కలో ఎక్కడ పడితే అక్కడ గుచ్చుకుంటుంది, వదిలినా బతకదు. ఇంకొకరి చెరువులో ఆ పని చేయకూడదు.

డబ్బులు లేకపోతే ఇవేవీ వద్దు. మూల్ వారపు సంతలో మంచి వెదురు కర్ర దొరుకుతుంది. పది అడుగుల కర్ర, అంతే పొడవు దారం, నెమలి ఈకతో చేసిన బెండు. చిన్నప్పుడు నేను నేర్చుకున్నది దానితోనే. జెల్ల, పరక, అరకిలో రవ్వ దాకా దానికి లోటు లేదు.

వీటితో పాటు వెడల్పు నోటి జల్లెడ వల, ముక్కు పొడుగు పట్టకారు, టోపీ, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఐస్ పెట్టుకునే థర్మాకోల్ పెట్టె. తెగిన దారం ముక్కలు వేసుకోవడానికి ఒక సంచి తప్పనిసరి. కట్ట మీద వదిలేసిన నైలాన్ కొంగ కాళ్లకు చుట్టుకుంటుంది, ఆవు మేసి చస్తుంది.

ఎర

రెండు పాళ్లు వేయించిన తవుడు, రెండు పాళ్లు పల్లిచెక్క పొడి, ఒక పాలు గోధుమపిండి. తవుడు సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేగాలి, మాడకూడదు. బెల్లం నీళ్లతో కలిపి, దంచిన సోంపు ఒక చెంచా వేయండి. చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా ఉండాలి. గ్లాసు నీళ్లలో వేసి చూడండి: పది నిమిషాలు నిలబడి, ఆ తర్వాత మెల్లగా పొరలు పొరలుగా విడిపోవాలి. వెంటనే కరిగితే పిండి తక్కువ, గంటయినా రాయిలా ఉంటే పిండి ఎక్కువ.

నీళ్లలో చేపలు మూడు అంతస్తుల్లో మేస్తాయి. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీళ్లలో మేస్తుంది. రవ్వ నడుమ, మోసు అడుగున బురదలో. ఏ చేప కావాలో దాన్ని బట్టి ఎర ఎంత లోతున ఆగాలో బెండుతో సర్దుకోండి. మోసుకు, జెల్లకు ముద్ద కంటే ఎర్రలు మేలు. పొలం గట్టు తడి మట్టిలో తవ్వితే పది నిమిషాల్లో గుప్పెడు దొరుకుతాయి. చేపలను చేరదీయడానికి ముద్దలు విసరడం అలవాటున్నవాళ్లు చిన్న చెరువులో నాలుగైదు నిమ్మకాయలంత ముద్దలతో ఆపండి. మిగిలింది కుళ్లి నీళ్లు పాడవుతాయి, నష్టం సంస్థకు.

కట్ట మీద

రాగానే గాలం వేయవద్దు. ఒక పావుగంట చూడండి. తూము దగ్గర నీళ్లు లోతుగా ఉంటాయి, కార్పులకు మొదట అక్కడే ప్రయత్నించండి. వాగు వచ్చి చెరువులో కలిసే మూల వాన వెలిసిన రోజుల్లో బాగుంటుంది. తామరాకుల అంచున బుడగల వరుస కనబడితే అడుగున మోసో, బంగారు తీగో మేస్తున్నట్టు. కొర్రమీను గాలి పీల్చడానికి కొన్ని నిమిషాలకొకసారి పైకి వస్తుంది. 'గుటుక్' మని చిన్న చప్పుడు, ఒక వలయం. రెండుసార్లు ఎక్కడ లేచిందో చూసుకుంటే అది ఎటు పోతోందో తెలుస్తుంది. దాని నెత్తి మీద కాకుండా, ఆరడుగులు దాటించి వేసి, మెల్లగా దారిలోకి లాక్కురండి. కప్ప బొమ్మను కొట్టగానే రాడ్ ఎత్తవద్దు. మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి అప్పుడు లాగండి. ఈ ఒక్కటి నేర్చుకోవడానికి చాలా చేపలు పోతాయి, ఎవరికైనా.

మబ్బు పట్టిన ఉక్కపోత పొద్దున చెరువంతా చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే సంబరపడవద్దు. అది మేత కాదు, నీళ్లలో గాలి చాలక అలా చేస్తాయి. ఆ రోజు గాలం సంచిలోనే ఉంచి వెంటనే సచివుడికి ఫోన్ చేయండి. తూము విప్పి నీరు కదిలిస్తారో, కొత్త నీరు వదులుతారో వాళ్లు చూసుకుంటారు. గంట ఆలస్యమైతే ఒక ఏడాది పంట తెల్లగా తేలుతుంది.

చేప పడ్డాక

చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేతితో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి వదిలిన చేపకు పుండ్లు పడతాయి. జెల్లకు, ఇంగిలాయికి పక్క ముళ్లుంటాయి. గుచ్చుకుంటే నొప్పి భుజం దాకా లాగుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఇంగిలాయి ముల్లు అయితే, వాపు పెరుగుతుంటే, దవాఖానకు పోవాలి. తాబేలు పడితే దారం దగ్గరగా కత్తిరించి, గాలం తీయగలిగితే తీసి, వదిలేయండి. అది చట్టం కాపాడే జీవి, ఇంటికి తెస్తే కేసు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడితే మాత్రం తిరిగి వదలవద్దు. దాని పెంపకం 2000 నుంచి మన దేశంలో నిషేధం, మిగతా చేపలను తినేస్తుంది. సంస్థవాళ్లకు చూపించండి.

సైజు గురించి సంస్థ చెప్పిందే మాట. వాళ్లేమీ చెప్పకపోతే కిలో లోపు కార్పులను నేను వదిలేస్తాను. మనిషికి రెండు చేపలు, అంతే. తీసుకునేదాన్ని వెంటనే చంపి, పొట్ట శుభ్రం చేసి ఐస్‌లో పెట్టండి. తాడుకు గుచ్చి నీళ్లలో వేలాడదీస్తే గంటల తరబడి బాధపడుతుంది, మాంసం మెత్తబడుతుంది. ఐస్ లేని రోజు తడి గుడ్డలో, మోదుగాకుల మధ్య చుట్టి తెచ్చాను, అక్టోబర్‌లో మూడు గంటలు ఆగింది. మార్చిలో ఆగదు. థర్మల్ స్టేషన్ బూడిద నీళ్లు, గని నీళ్లు కలిసే వాగుల్లో పట్టినదైతే వండుకోవద్దు.

కూర సంగతి ఎవరింటి పద్ధతి వాళ్లది. మా ఇంట్లో కొర్రమీనుకు చింతపండు పులుసు, జెల్లకు పుంటికూర. పుంటికూరను ఇక్కడివాళ్లు అంబాడీ అంటారు. ఆ ముసలాయన ఇంట్లో తిన్నాక రెండు వంటలూ ఒకటేనని తెలిసింది. మాకు వెల్లుల్లి ఎక్కువ, వాళ్లకు కారం ఎక్కువ.

ఊరు దాటేముందు సచివుడి ఇంటి దగ్గర ఒక నిమిషం ఆగి, ఏ చేప ఎంత బరువు పడింది, ఎన్ని వదిలారు, ఎక్కడ పడ్డాయి అన్నీ చెప్పండి. జూలైలో వేసిన పిల్ల ఎంత పెరిగిందో వల దించకముందే వాళ్లకు తెలుస్తుంది. నేను ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసి ఆ కాగితం చించి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆయన కొడుకు అక్టోబర్ రాగానే తనే ఫోన్ చేసి, మత్తడి దుంకడం ఆగింది, నీళ్లు తేటపడ్డాయి, ఈ వారం పులి జాడ లేదు, రమ్మంటాడు.